పన్నెండు వారాల్లో ఏడు వారాలు సొంత క్లినిక్‌కే: కైరోప్రాక్టిక్ పట్టభద్రుల కెరీర్ కోర్సుపై సమీక్ష

వెన్నెముకను, కీళ్లను చేతులతో సరిచేసే చికిత్స అయిన కైరోప్రాక్టిక్‌లో పట్టా చేతికి వచ్చిన కొత్తలో అందరినీ వేధించే ప్రశ్న ఒకటే: ఇక ఎక్కడ పనిచేయాలి, ఎవరి దగ్గర పనిచేయాలి? ఆ ప్రశ్నకు జవాబు చెబుతామంటూ ఆన్‌లైన్‌లో నడిచే పన్నెండు వారాల కెరీర్ శిక్షణ కోర్సులో నేను చేరాను. మొదటి పాఠం నుంచి చివరి పాఠం దాకా చూసి, ఇచ్చిన పనులన్నీ చేసి ఇటీవలే ముగించాను. లోపాలు కూడా చెప్పవలసి ఉంది కనుక కోర్సు పేరు రాయడం లేదు. ఈ రకం కోర్సులు చాలానే నడుస్తున్నాయి, అమరికలో ఒకదానినొకటి పోలి ఉంటాయి కూడా. అందువల్ల మరో దానిలో చేరబోయేవారికి సైతం ఈ సమీక్ష పనికివస్తుందని అనుకుంటున్నాను.

కట్టిన ఫీజుకు లభించేవి ఇవి: నలభై పైచిలుకు రికార్డు పాఠాలు, వారానికి ఒక ప్రత్యక్ష తరగతి, ఇద్దరు మెంటర్లతో విడివిడిగా రెండేసి సమావేశాలు, ఒక నమూనా ఇంటర్వ్యూ, మనకు వచ్చిన ఉద్యోగ ఒప్పందాన్ని మనతో పాటు కూర్చుని చదివిపెట్టే ఒక గంట. మెంటర్లలో ఒకరు చాలా ఏళ్లుగా సొంత క్లినిక్ నడుపుతున్నవారు, రెండవవారు ఆసుపత్రిలోని వెన్నెముక విభాగంలో డాక్టర్లతో, ఫిజియోథెరపిస్టులతో కలిసి పనిచేస్తున్నవారు. నా దృష్టిలో ఈ కోర్సుకు అసలు విలువ ఆ రెండవ వ్యక్తి వల్లనే వచ్చింది. అయితే ఆవిడతో మాట్లాడే అవకాశం రెండుసార్లే ఉంటుంది, అదీ ఒక్కోసారి నలభై నిమిషాలే.

పన్నెండు వారాలను కోర్సువారు ఎలా పంచారో చూస్తేనే వారి మొగ్గు తెలిసిపోతుంది. ఏడు వారాలు సొంత క్లినిక్ పెట్టడానికి, రెండు వారాలు మరొకరి క్లినిక్‌లో అసోసియేట్‌గా చేరడానికి, ఒక వారం లైసెన్సులకు, ఒక వారం ఇంటర్వ్యూతో పాటు వృత్తిలో ఒంటిని కాపాడుకోవడానికి కేటాయించారు. మిగిలిన ఒక్క వారంలో ‘ఇతర మార్గాలు’ అనే శీర్షిక కింద ఆసుపత్రి ఉద్యోగం, పరిశోధన, బోధన, రేడియాలజీ, క్రీడారంగం, పరిశ్రమల్లో ఎర్గొనామిక్స్ (పనిచోటును ఒంటికి అనువుగా అమర్చడం) సలహా అన్నీ కలిపి కుక్కారు. పట్టభద్రులలో ఎక్కువమంది చివరకు ప్రైవేటు ప్రాక్టీసులోనే స్థిరపడతారన్నది నిజమే. కానీ ఆ దారి తెలియక ఎవరూ ఇలాంటి కోర్సుకు రారు. తెలియని దారుల కోసమే వస్తారు.

సొంత క్లినిక్ గురించిన ఏడు వారాలను త్వరగానే చెప్పి ముగించవచ్చు. స్థలం ఎంపిక, అద్దె ఒప్పందం, వెన్ను సరిచేసేటప్పుడు పేషెంటును పడుకోబెట్టే అడ్జస్ట్‌మెంట్ టేబుల్ కొత్తది కొనాలా పాతది కొనాలా, అపాయింట్‌మెంట్ల సాఫ్ట్‌వేర్, ఎక్స్‌రే యంత్రం సొంతంగా పెట్టుకోవాలా లేక బయటికి పంపాలా, బ్యాంకు రుణానికి కావలసిన కాగితాలు: ఇవన్నీ శుభ్రంగానే చెప్పారు. వీటిలో ఒక అభ్యాసం మాత్రం నిజంగా బాగుంది. మొదటి సంవత్సరం రాబడి, ఖర్చుల పట్టిక ఒకటి మనచేత వేయించి, ఆ తరువాత బీమా కంపెనీ చెల్లింపులు మూడు నెలలు ఆలస్యమైతే అదే పట్టిక ఎలా తలకిందులవుతుందో మనచేతనే లెక్క కట్టిస్తారు. పేషెంట్లు నిండుగా ఉన్న క్లినిక్ కూడా జీతాలు ఇవ్వలేని స్థితికి ఎలా వస్తుందో నాకు ఆ పట్టిక చూశాకే అర్థమైంది.

అయితే డబ్బు ఎవరు చెల్లిస్తారన్న దాన్నిబట్టి క్లినిక్‌లో ఏ పని జరుగుతుందన్నది కూడా మారుతుంది. ఆ సంగతిని ఒకే స్లయిడ్‌లో దాటవేశారు. అమెరికాలో వృద్ధుల కోసం నడిచే మెడికేర్ పథకాన్నే తీసుకుందాం. 1972లో వచ్చిన చట్ట సవరణతో కైరోప్రాక్టర్లకు అందులో చోటు దొరికింది కానీ, ఆ పథకం కైరోప్రాక్టర్ చేతితో చేసే వెన్నెముక మానిప్యులేషన్‌కు (వెన్నుపూసలను నొక్కి కదిలించడానికి) మాత్రమే చెల్లిస్తుంది. అదే కైరోప్రాక్టర్ చేసిన పరీక్షకు గాని, రాసిన ఎక్స్‌రేకు గాని చెల్లించదు. అంటే పేషెంటును కూర్చోబెట్టి అరగంట సేపు పరీక్షించి, వ్యాయామాలు నేర్పి పంపే కైరోప్రాక్టర్‌కు ఆ అరగంటకు ఆ పథకం నుంచి ఏమీ రాదు. కొత్తగా క్లినిక్ తెరిచేవారికి ఏ సాఫ్ట్‌వేర్ కొనాలన్న దానికంటే ఇలాంటి నియమాలు ముందు తెలియాలి.

ఈ ఏడు వారాల్లో నాకు నచ్చనిదల్లా ‘కొత్త పేషెంటుతో మాట్లాడే తీరు’ అనే పాఠం. మొదటిరోజు పరీక్ష చేసి పంపించి, మరుసటిరోజు భార్యనో భర్తనో వెంటబెట్టుకుని రమ్మని, ఎక్స్‌రే చూపించి, ముప్పై ఆరు సిట్టింగుల ప్యాకేజీకి ముందుగానే డబ్బు కట్టించుకోవాలని అందులో నేర్పుతారు. ‘ఇప్పుడు సరిచేయించుకోకపోతే ముందు ముందు మీ వెన్ను ఏమవుతుందో చూడండి’ అనే వాక్యాన్ని ఏ స్వరంలో పలకాలో కూడా అభ్యాసం చేయించారు. భయపెట్టి అమ్మే ఈ పద్ధతిని నేను ఒప్పుకోలేను. 2017లో అమెరికా వైద్యుల సంఘాల్లో ఒకటైన అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజిషియన్స్ నడుంనొప్పి చికిత్సపై ఇచ్చిన మార్గదర్శకాలు మందులకంటే ముందు ప్రయత్నించదగిన వాటిలో వెన్నెముక మానిప్యులేషన్‌ను చేర్చాయి; మన వృత్తివారు ఆ వాక్యాన్ని గోడకు తగిలించుకుంటారు. కానీ కొత్తగా వచ్చిన నడుంనొప్పి చికిత్స ఏదైనా, చాలామందికి కాలక్రమేణా దానంతట అదే తగ్గుతుందని కూడా అవే మార్గదర్శకాలు చెప్పాయి. మొదటి వాక్యం తీసుకున్నవారు రెండవది కూడా తీసుకోవాలి కదా. రెండూ కలిపి చదివితే ముప్పై ఆరు సిట్టింగులకు ముందే డబ్బు కట్టించుకోవడానికి ఆధారం ఎక్కడా దొరకదు.

ఇక అసోసియేట్ ఉద్యోగం గురించిన రెండు వారాలు. మొత్తం కోర్సులో పూర్తి మార్కులు నేను వీటికే వేస్తాను. పట్టా పొందినవారిలో చాలామంది తొలి అడుగు మరొకరి క్లినిక్‌లోనే పడుతుంది. ఆ అడుగులో ఏర్పడే గుంటలన్నీ ఒప్పంద పత్రంలోనే ఉంటాయి, అవి మన కాలేజీల్లో ఎవరూ చూపించరు. నాకు అప్పటికే ఒక క్లినిక్ నుంచి ఒప్పందం ముసాయిదా వచ్చి ఉంది. మామూలు జీతం తక్కువే అయినా ‘వసూళ్లలో వాటా’ ఇస్తామన్నారు కనుక ఆశగానే ఉన్నాను. ఒప్పందం చదివిపెట్టే గంటలో మెంటర్ మొదటి పేజీ వైపు చూడనైనా చూడకుండా చివర ఉన్న అనుబంధానికి వెళ్లారు. అక్కడ ‘వసూళ్లు’ అన్న మాటకు నిర్వచనం ఉంది: బీమా కంపెనీ వెనక్కి తీసుకున్న సొమ్ము, కార్డు చెల్లింపుల రుసుము, టేబుల్ మీద పరిచే కాగితం చుట్టల ఖర్చు, ప్రకటనల ఖర్చులో వాటా తీసివేయగా మిగిలినది. నేను నెలకు వందమంది పేషెంట్లను చూసినా ఆ నిర్వచనం ప్రకారం నా వాటా దేనిలో లెక్కకడతారో క్లినిక్ యజమానికి తప్ప ఎవరికీ తెలిసే వీలు లేదు. బిల్లు వేసిన మొత్తం, చేతికి అందిన మొత్తం, కోతలు పోగా మిగిలిన మొత్తం అనేవి మూడు వేరువేరు అంకెలని, శాతం ఎంత అని అడిగేముందు దేనిలో శాతం అని అడగాలని ఆ గంటలో నేర్చుకున్నాను.

అదే పత్రంలో నన్ను ‘స్వతంత్ర కాంట్రాక్టరు’ అన్నారు. అంటే పన్నులు నావి, సెలవులకు జీతం లేదు, జబ్బుచేస్తే నా ఖర్చు నాదే. అయితే పనివేళలు మాత్రం వారు నిర్ణయిస్తారు, వారి టేబుల్ మీద వారు చెప్పిన పద్ధతిలోనే చికిత్స చేయాలి, మరెక్కడా పనిచేయకూడదు. పేరుకు స్వతంత్రం, పనికి నౌకరీ. చాలా దేశాల్లో కార్మిక చట్టం పత్రంలో రాసిన పేరును కాక పని జరిగే తీరును చూస్తుందని, ఈ తేడా వల్ల రేపు పన్నుల శాఖతో చిక్కు వస్తే ఇద్దరికీ చుట్టుకుంటుందని మెంటర్ వివరించారు. పోటీ నిషేధం క్లాజు గురించి కూడా ఇంతే వివరంగా చెప్పారు. ఉద్యోగం మానేశాక ఎంత దూరంలో, ఎన్నేళ్లపాటు ప్రాక్టీసు పెట్టకూడదన్నది ఒక ఎత్తు. ఆ దూరాన్ని ఒక్క క్లినిక్ నుంచి కొలుస్తారా, యజమానికి ఉన్న శాఖలన్నింటి నుంచీ కొలుస్తారా అన్నది మరొక ఎత్తు. నా పత్రంలో రెండవదే ఉంది.

వృత్తిపరమైన బాధ్యత బీమా గురించిన పాఠాన్ని నేను రెండుసార్లు చూశాను. ఈ బీమా రెండు రకాలు. సంఘటన జరిగిన రోజున పాలసీ అమలులో ఉంటే, ఫిర్యాదు ఎప్పుడు వచ్చినా చెల్లించేది ఒకటి. ఫిర్యాదు వచ్చిన రోజున పాలసీ అమలులో ఉంటేనే చెల్లించేది మరొకటి. రెండవ రకం తీసుకున్నవారు ఉద్యోగం మారి పాలసీ ఆపేస్తే, పాత పేషెంటు ఏడాది తరువాత ఫిర్యాదు చేసినప్పుడు నెత్తిన గొడుగు లేనట్టే. అందుకోసం ‘టెయిల్’ అనే అదనపు కవరేజి కొనాలి. దాని ఖర్చు ఎవరిదో ఒప్పందంలో ముందుగానే రాయించుకోవాలి. నాలుగేళ్ల చదువులో ఈ మాట నా చెవిన పడలేదు.

అయితే ఆ పత్రంలో నన్ను అన్నింటికంటే ఎక్కువగా ఆలోచింపజేసినది బోనస్ క్లాజు. ఒక్కో పేషెంటు సగటున ఎన్నిసార్లు తిరిగి వస్తే అంత బోనస్ అని అందులో ఉంది. ఈ సగటును మన వృత్తిలో ‘పేషెంట్ విజిట్ యావరేజ్’ అంటారు. మొదటి మెంటర్ దీన్ని మామూలు వ్యాపార సూచికగానే చెప్పి ముందుకు సాగిపోయారు. నేను అక్కడే ఆగిపోయాను. పేషెంటు త్వరగా కోలుకుని మానేస్తే నా బోనస్ తగ్గుతుంది. కోలుకున్నా వస్తూనే ఉంటే పెరుగుతుంది. జబ్బు గురించి ఆ క్లినిక్ నమ్మకం ఏమిటో గోడమీద వేలాడే సిద్ధాంతాల కంటే ఆ ఒక్క క్లాజు స్పష్టంగా చెబుతోంది. నా ఫిర్యాదు కూడా ఇక్కడినుంచే మొదలవుతుంది. కైరోప్రాక్టిక్ పట్టభద్రుల ముందున్న మొదటి చీలిక సొంత క్లినిక్కా, ఉద్యోగమా అన్నది కాదు. మనం దేనికి చికిత్స చేస్తున్నామని నమ్ముతున్నాం, పేషెంటుకు ఏమని చెబుతున్నాం అన్నది. ఆ చీలికను బట్టే ఏ తలుపులు తెరుచుకుంటాయో, ఏవి మూసుకుపోతాయో తేలుతుంది. పన్నెండు వారాల్లో ఈ మాట ఎత్తడానికి ఒక్క పూట కూడా కేటాయించలేదు.

ఈ చీలిక వృత్తి పుట్టుకతోనే వచ్చింది. అమెరికాలోని అయోవా రాష్ట్రం డావెన్‌పోర్ట్‌లో 1895లో డి. డి. పామర్ అనే అయస్కాంత వైద్యుడు తన కార్యాలయం ఉన్న భవనంలో శుభ్రం చేసే పని చూసే హార్వీ లిల్లార్డ్ వెన్నుపూసను సరిచేసి, పోయిన వినికిడిని తిరిగి తెప్పించానని చెప్పుకోవడంతో ఈ వృత్తి చరిత్ర మొదలవుతుంది. రెండేళ్లకే ఆయన పాఠశాల తెరిచాడు. వెన్నుపూసలు స్థానం తప్పడమే అనేక రోగాలకు మూలమన్నది ఆయన సిద్ధాంతం. ఆ స్థానభ్రంశానికే ‘సబ్‌లక్సేషన్’ అని పేరు. ఈనాటికీ ఒక వర్గం దాన్నే పట్టుకుని ఉంది. మరో వర్గం నడుము, మెడ, కీళ్ల నొప్పులకే పరిమితమై, పరిశోధనలో నిలిచిన మేరకే చికిత్స చేస్తామంటుంది. బ్రిటన్‌లో ఈ వృత్తిని నియంత్రించే జనరల్ కైరోప్రాక్టిక్ కౌన్సిల్ 2010లో, సబ్‌లక్సేషన్ అనేది చారిత్రక భావన అని, అది రోగాలకు కారణమని చెప్పడానికి క్లినికల్ పరిశోధన ఆధారం లేదని స్పష్టంగా ప్రకటించింది. అంటే అక్కడ లైసెన్సు తీసుకున్న కైరోప్రాక్టర్ తన ప్రకటనలో పాత సిద్ధాంతం రాస్తే వృత్తికే ముప్పు. ఇది కెరీర్ పాఠం కాకపోతే మరేది కెరీర్ పాఠం?

రెండవ మెంటర్‌తో జరిగిన తొలి సమావేశం ఈ లోటును కొంత తీర్చింది. ఆవిడ నాకు ఒకే ఒక పని ఇచ్చారు: కాలిలోకి నొప్పి పాకుతున్న ఒక ఊహాజనిత పేషెంటు గురించి ఆ పేషెంటు ఫ్యామిలీ డాక్టర్‌కు ఉత్తరం రాయమన్నారు. నేను రెండు పేజీలు రాశాను. నడుము చివరి వెన్నుపూస అయిన ఎల్5 ఏ దిశలో తిరిగిందో, ఏ అడ్జస్ట్‌మెంట్ చేశానో, కాళ్ల పొడవులో తేడా ఎంతో వర్ణించాను. ఆవిడ చదివి, ‘దీనిలో డాక్టర్‌కు పనికొచ్చే వాక్యం ఒక్కటి చూపించండి’ అని అడిగారు. నేను వెతికాను, దొరకలేదు. మూత్రం ఆగిపోవడం గాని, తొడల మధ్య స్పర్శ తెలియకపోవడం గాని ఉన్నాయా అని అడిగారా? జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, గతంలో క్యాన్సర్ ఉన్నాయా? కాలి బొటనవేలు పైకెత్తే బలం ఎంత? మడమ దగ్గర రిఫ్లెక్స్ ఉందా? ఇవేవీ నా ఉత్తరంలో లేవు. పరీక్ష చేయడం రాకకాదు. రాయవలసినవి అవేనని తోచకపోవడం.

రెండవసారి ఒక పేజీ రాశాను. ఆవిడ ‘స్థానభ్రంశం’ అన్న మాటను కొట్టివేసి, పక్కన ‘నొప్పి ఎక్కడ, ఎంత, ఏం చేస్తే పెరుగుతుంది’ అని రాసి పంపారు. మూడవసారి అరపేజీకి దిగింది: ప్రమాద లక్షణాలు లేవు, కుడి బొటనవేలిలో స్వల్ప బలహీనత, నాలుగు వారాల్లో ఆరు సిట్టింగులు, వ్యాయామాలు, ఆ తరువాత పునఃపరీక్ష, బలహీనత పెరిగితే వెంటనే మీ దగ్గరకు పంపుతాను. ఆ అరపేజీ చూసి ‘ఇప్పుడు ఈ ఉత్తరానికి జవాబు వస్తుంది’ అన్నారు. నాకు మిగతా కోర్సంతా ఒక ఎత్తు, ఈ మూడు ఉత్తరాలు ఒక ఎత్తు. ఆసుపత్రి ఉద్యోగానికి ఇంటర్వ్యూ ఇచ్చేవారు ఎముకల మెటికలు ఎంత బాగా విరుస్తారన్నది అక్కడ ఎవరూ చూడరు. పక్క గదిలోని డాక్టర్‌తో ఆ డాక్టర్ భాషలో మాట్లాడగలరా అన్నదే చూస్తారు.

ఆ భాష ఇంత దూరం కావడానికి మనవైపు నుంచే కాదు, అటువైపు నుంచీ కారణాలున్నాయి. డాక్టర్ల సంఘమైన అమెరికన్ మెడికల్ అసోసియేషన్ తన సభ్యులు కైరోప్రాక్టర్లతో వృత్తి సంబంధాలు పెట్టుకోవడం అనైతికమని చాలాకాలం చెబుతూ వచ్చింది. చెస్టర్ విల్క్, మరికొందరు కైరోప్రాక్టర్లు 1976లో దానిపై కోర్టుకెక్కారు. 1987లో న్యాయమూర్తి సూసన్ గెట్జెండానర్ ఆ సంస్థ బహిష్కరణ చట్టవిరుద్ధమని తీర్పు ఇచ్చారు. ఆసుపత్రుల తలుపులు ఆ తరువాతే మెల్లగా తెరుచుకోవడం మొదలైంది. అమెరికా మాజీ సైనికుల ఆరోగ్య వ్యవస్థ 2004 నుంచి తన ఆసుపత్రుల్లోనే కైరోప్రాక్టిక్ సేవలు అందిస్తోంది, 2014లో పట్టభద్రుల కోసం రెసిడెన్సీ (ఆసుపత్రిలో పనిచేస్తూ నేర్చుకునే) శిక్షణ కూడా ప్రారంభించింది. సీట్లు చాలా తక్కువ, పోటీ ఎక్కువ. ఆసుపత్రి వాతావరణంలో పనిచేయాలనుకునే కొత్త పట్టభద్రులకు ఇంతకంటే సూటి దారి ఆ దేశంలో నాకు కనబడలేదు. కోర్సులో దీనికి దక్కినది రెండు నిమిషాలు. దరఖాస్తు ఎలా రాయాలి, ఏ సిఫారసు లేఖలు కావాలి అన్న ఊసే లేదు.

లైసెన్సుల వారం నన్ను బాగా నిరాశపరిచింది. పాఠం మొత్తం అమెరికా పద్ధతి చుట్టూనే తిరిగింది: జాతీయ బోర్డు నిర్వహించే నాలుగు భాగాల పరీక్ష, ఆపైన ప్రతి రాష్ట్రానికీ వేరుగా లైసెన్సు. అక్కడ మొదట చట్టం చేసిన రాష్ట్రం 1913లో కాన్సాస్, చివరిది 1974లో లూసియానా అన్న చరిత్ర ఆసక్తికరంగానే చెప్పారు. కానీ పట్టా ఒక దేశంలో పుచ్చుకుని మరో దేశంలో పనిచేయాలనుకునేవారికి అసలు తెలియవలసినది, ఈ వృత్తి స్థాయి దేశదేశానికీ ఎంతగా మారుతుందన్నదే. డెన్మార్క్‌లో దక్షిణ డెన్మార్క్ విశ్వవిద్యాలయంలో కైరోప్రాక్టిక్ విద్యార్థులు తొలి ఏళ్లలో వైద్య విద్యార్థులతో కలిసి చదువుతారు, అయిదేళ్ల చదువు ముగిశాక ఏడాది పాటు పర్యవేక్షణలో పనిచేస్తేనే స్వతంత్రంగా ప్రాక్టీసు చేయడానికి అనుమతి లభిస్తుంది. స్విట్జర్లాండ్‌లో డాక్టర్లు, దంతవైద్యులు, పశువైద్యులు, ఫార్మసిస్టులతో పాటు కైరోప్రాక్టర్లనూ వైద్య వృత్తుల ఫెడరల్ చట్టంలోనే చేర్చారు. బ్రిటన్‌లో 1994 చట్టం ప్రకారం రిజిస్టరు కానివారు కైరోప్రాక్టర్ అనే పేరు వాడుకోవడం నేరం. మరికొన్ని దేశాల్లో అసలు చట్టమే లేదు. అక్కడ వారాంతపు శిక్షణ పొందినవారికీ, నాలుగయిదేళ్లు చదివినవారికీ బోర్డు మీద ఒకే పేరు ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో ఈ వృత్తి శిక్షణకు, భద్రతకు కనీస ప్రమాణాలతో మార్గదర్శకాలు వెలువరించింది. చట్టం లేని చోట పనిచేయదలచినవారు తమ చదువు ఏ ప్రమాణానికి తూగుతుందో చూపడానికి ఉపయోగపడే పత్రం అది. కోర్సులో దాని పేరైనా వినబడలేదు.

‘ఇతర మార్గాలు’ వారంలో రేడియాలజీ గురించిన భాగం ఒక్కటే పనికొచ్చింది. కైరోప్రాక్టిక్ పట్టా తరువాత పూర్తికాలపు రెసిడెన్సీ చేసి, ఎక్స్‌రేలు, ఎమ్మారైలు చదివి రిపోర్టులు రాయడమే వృత్తిగా పెట్టుకోవచ్చని, టేబుల్ దగ్గర నిలబడలేనివారికి అది మంచి దారి అని చెప్పారు. పరిశోధన గురించి మాత్రం ‘ఆసక్తి ఉంటే పీహెచ్‌డీ చేయండి’ అన్న ఒక్క వాక్యంతో సరిపెట్టారు. ఆ దారిలో నడిచినవారి ఉదాహరణ అయినా చెప్పవలసింది. స్కాట్ హాల్డేమన్ కైరోప్రాక్టర్‌గా మొదలై న్యూరాలజిస్టు అయ్యారు, మెడనొప్పిపై 2008లో నివేదిక ఇచ్చిన అంతర్జాతీయ బృందానికి నాయకత్వం వహించారు. డేవిడ్ కాసిడీ కైరోప్రాక్టర్‌గా మొదలై ఎపిడెమియాలజిస్టు (జనంలో రోగాల తీరును గణాంకాలతో అధ్యయనం చేసేవారు) అయ్యారు. మెడ మానిప్యులేషన్‌కూ, రక్తనాళం చీలి వచ్చే పక్షవాతానికీ సంబంధం ఉందా అన్న ప్రశ్న మన వృత్తి మెడమీద కత్తిలా వేలాడుతోంది. ఆ ప్రశ్నను తప్పించుకోకుండా గణాంకాలతో పట్టుకున్నవారిలో మన పట్టా ఉన్నవారూ ఉన్నారని కొత్తవారికి తెలియడం అవసరం. క్రీడారంగం గురించి చెప్పినవారు పతకాలతో ఫోటోలు చూపించారు కానీ, జట్టుతో పాటు వారాల తరబడి తిరిగే ఆ పనిలో తొలి ఏళ్లు చాలావరకు స్వచ్ఛంద సేవేనన్న సంగతి ఎవరో విద్యార్థి అడిగితే తప్ప బయటపెట్టలేదు.

ఒంటిని కాపాడుకోవడం గురించిన అరవారం చిన్నదే అయినా మేలైనది. రోజుకు ముప్పైమందికి నడుము అడ్జస్ట్‌మెంట్లు చేసే కైరోప్రాక్టర్ బొటనవేళ్లు, మణికట్లు, నడుము ఎన్నాళ్లు నిలుస్తాయన్నది కెరీర్ ప్రశ్నే. ప్రత్యక్ష తరగతిలో మేము కెమెరా ముందు ఒక్కొక్కరం టేబుల్ దగ్గర నిలబడి చూపించాం. నా వంతు వచ్చేసరికి మొదటి మెంటర్ ‘మీ టేబుల్ మీకు బెత్తెడు ఎత్తుగా ఉంది’ అన్నారు. చేతులు వదులుగా వేలాడేసి నిలబడినప్పుడు పిడికిలి కణుపులు టేబుల్‌ను తాకాలి. అంతకంటే ఎత్తుంటే మన శరీర బరువు పనిచేయదు, భుజాలే పనిచేస్తాయి. దించి చూశాను. సాయంత్రాలు కుడి బొటనవేలి మొదట్లో వచ్చే సలుపు రెండు వారాల్లో సగానికి సగం తగ్గింది. మెటికలు విరవడం, తిప్పడం అవసరం లేని డ్రాప్ టేబుల్ (నొక్కినప్పుడు ఒక భాగం కొద్దిగా కిందికి జారేది), ఫ్లెక్షన్ డిస్‌ట్రాక్షన్ టేబుల్ (నడుమును మెల్లగా వంచి సాగదీసేది), చేతి పరికరంతో చేసే యాక్టివేటర్ పద్ధతి వంటివి పేషెంటు కోసమే కాక చికిత్సకుల కోసం కూడా నేర్చుకోదగినవని ఆయన చెప్పిన మాట విలువైనది.

సేవ సంగతి: ప్రత్యక్ష తరగతుల రికార్డింగులు మరుసటి రోజుకే అందుబాటులోకి వచ్చేవి, మెంటర్లు ఇద్దరూ చెప్పిన సమయానికే హాజరయ్యారు. సందేహాలకు మెయిల్‌లో జవాబు రావడానికి మాత్రం వారం పైనే పట్టేది. మొదటి సమావేశం తరువాత రెండవ మెంటర్‌తో అదనపు సమయం కోసం విడిగా ఫీజు కడతానన్నా వీలుకాదన్నారు. ఒప్పందం చదివిపెట్టే గంటను మాత్రం ఎవరూ వదులుకోవద్దు. చేరేముందే ఏదో ఒక ముసాయిదా సంపాదించుకుని వెళ్లండి. ఖాళీ చేతులతో వెళ్తే కోర్సువారి నమూనా పత్రంతో సరిపెడతారు, అందులో మన గుంటలు కనబడవు. సొంత క్లినిక్ పెట్టాలని ముందే నిర్ణయించుకున్నవారికి ఈ కోర్సు పెట్టిన ఫీజుకు తగినదే. ఆసుపత్రి, పరిశోధన, విదేశీ లైసెన్సు వంటి ఆలోచన ఉన్నవారు దీనిలో చేరడం కంటే ఆ రంగంలో ఇప్పటికే పనిచేస్తున్న ఒక్కరిని వెతికి పట్టుకుని, ఒక పూట వారి పక్కన కూర్చోవడం మేలు. నేనయితే ఆ ముసాయిదాపై సంతకం పెట్టలేదు. బోనస్ క్లాజు తీసివేయమని అడిగాను, వారు కుదరదన్నారు.

కోర్సు ముగిశాక ఒక విషయం గురించి నిర్వాహకులకు రాశాను. ప్రకటనల పాఠంలో నమూనాగా చూపిన పోస్టరు మీద నెలల పసిబిడ్డ వీపుపై చికిత్సకుని వేళ్లు ఉన్న ఫోటో ఉంది. ఆస్ట్రేలియా కైరోప్రాక్టిక్ బోర్డు 2019లోనే, రెండేళ్లలోపు పిల్లల వెన్నెముకపై మానిప్యులేషన్ చేయవద్దని తాత్కాలిక విధానం ప్రకటించిందని, మీ పోస్టరును నమ్మి అక్కడ ఎవరైనా అచ్చు వేయిస్తే బోర్డు ముందు నిలబడవలసి వస్తుందని తెలియజేశాను. తొమ్మిది రోజులకు కృతజ్ఞతలు చెబుతూ జవాబు వచ్చింది, వీడియోలో ఆ స్లయిడ్ కూడా తీసేశారు. డౌన్‌లోడ్ చేసుకునే పాఠ్యపత్రంలో మాత్రం ఆ ఫోటో నిన్నటిదాకా అలాగే ఉంది.